బెర్లిన్‌లో ఆఫీసు వదిలాక: పరికరాల పిచ్చి, సైన్స్ ఫిక్షన్ మోజు ఉన్న తెలుగువారికి

బెర్లిన్‌కు ఉద్యోగం మీద వచ్చిన తెలుగువారి మొదటి కొన్ని నెలలు ఇంటి వేటలోనూ కాగితాల పనిలోనూ కరిగిపోతాయి. అసలు ఇబ్బంది ఆ తరువాత మొదలవుతుంది. డిసెంబరులో సాయంత్రం నాలుగు కాకుండానే పొద్దుగూకే ఊళ్లో, ఆరింటికి ఇల్లు చేరాక ఏం చేయాలో, ఎవరితో చేయాలో తోచదు. ఇంటికి ఫోను చేద్దామంటే శీతాకాలంలో నాలుగున్నర గంటల తేడా. అప్పటికి అక్కడ అందరూ పడుకునే వేళ అయి ఉంటుంది. తెలుగు సంఘాల ఉగాది, దీపావళి వేడుకలు సంతోషమే గానీ, ఏడాదిలో మిగిలిన సాయంత్రాల సంగతి అవి తేల్చవు. ఎలక్ట్రానిక్స్, ప్రోగ్రామింగ్ వంటివాటిని జీతం కోసమే గాక సరదాకు కూడా చేసేవారు, అంతరిక్ష నౌకల కథలంటే చెవి కోసుకునేవారు ఈ ఊళ్లో ఒంటరిగా ఉండనక్కరలేదు. అయితే ఇక్కడివారు పలకరింపులతో స్నేహితులు కారు. ఒకే పని మీద వారం వారం ఒకే బల్ల దగ్గర కూర్చుంటే అవుతారు. కాబట్టి చేతిలో ఒక పని పట్టుకుని వెళ్లడమే మార్గం. ఆ పనిని ఎలా ఎంచుకోవాలో, దానితో ఎక్కడికి వెళ్లాలో, అంతకుముందు ఇంట్లో ఏమేమి సర్దుకోవాలో చెబుతాను.

ముందు ఇల్లు

కొత్త ఇంట్లో దిగిన 14 రోజుల్లోగా బ్యుర్గర్‌ఆమ్ట్ అనే పౌర సేవా కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలి. దానికి ఇంటి యజమాని సంతకం చేసిన ధ్రువపత్రం తప్పనిసరి. అద్దె ఒప్పందం ఒక్కటే చాలదు. మీరుండే పేటలోని కార్యాలయానికే వెళ్లాలనే నియమం బెర్లిన్‌లో లేదు, నగరంలో ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడికి వెళ్లవచ్చు. రద్దయిన అపాయింట్‌మెంట్లు పొద్దున్నే కనిపిస్తుంటాయి కనుక కాఫీ తాగుతూ చూడటం మేలు. నమోదైన కొన్ని వారాలకు పన్ను గుర్తింపు సంఖ్య పోస్టులో వస్తుంది. ఆ మాటకొస్తే ఈ దేశంలో ముఖ్యమైనవన్నీ ఇప్పటికీ పోస్టులోనే వస్తాయి.

ఇక్కడే మనవారికి ఒక చిక్కు ఉంది. అపార్టుమెంట్లలో ఫ్లాట్లకు సంఖ్యలు ఉండవు. పోస్టు డబ్బా మీదా కాలింగ్ బెల్ మీదా ఉన్న ఇంటిపేరును బట్టే ఉత్తరం చేరుతుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలో మీ తండ్రిగారి పేరు ఉన్నా, అసలు ఇంటిపేరు ఉన్నా, ఏది ఉంటే సరిగ్గా అదే డబ్బా మీద ఉండాలి. మిత్రులు పిలిచే పేరు అతికించి ఊరుకుంటే బ్యాంకు కార్డు, బీమా కార్డు వచ్చినదారినే వెనక్కి వెళతాయి. పేరు రెండు రకాలుగా చలామణీలో ఉంటే రెండూ రాయండి, డబ్బా మీద చోటుంటుంది. ఇంటికొకటి చొప్పున నెలకు 18.36 యూరోల ప్రసార రుసుము కట్టమని కూడా ఒక ఉత్తరం వస్తుంది. టీవీ లేదన్న జవాబు చెల్లదు. ఒకే ఫ్లాటులో నలుగురుంటే ఒకరు కడితే సరిపోతుంది, మిగిలిన ముగ్గురూ ఆ ఒకరి సంఖ్యను రాసి పంపాలి.

ఇనుప పనిముట్లు ముట్టుకునేముందు వ్యక్తిగత బాధ్యత బీమా ఒకటి తీసుకోండి. మీ వల్ల ఇతరులకు కలిగిన నష్టాన్ని అది భరిస్తుంది. గోడకు రంధ్రం వేస్తూ నీటి గొట్టాన్ని పొడిచినా, కింది ఇంటి పైకప్పు తడిసినా ఆ బిల్లు మన నెల జీతాన్ని సులువుగా దాటుతుంది. ఇక్కడివారు చాలామంది దీన్ని తప్పక తీసుకుంటారు, ఖర్చూ తక్కువే.

చప్పుడు విషయంలో ఇరుగుపొరుగు ఓర్పు గోడల మందాన్ని బట్టి ఉంటుంది గానీ, చట్టం మాత్రం స్పష్టంగానే ఉంది: రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు, ఆదివారాల్లో, సెలవు రోజుల్లో రోజంతా నిశ్శబ్దం పాటించాలి. డ్రిల్లింగ్ యంత్రానికి ఎంత వర్తిస్తుందో మన మిక్సీకీ అంతే వర్తిస్తుంది. కాబట్టి దోసెల పిండి రుబ్బడం, గోడకు అల్మారా బిగించడం శనివారం మధ్యాహ్నానికి పెట్టుకుని, చప్పుడులేని టంకం పని, కోడు రాయడం ఆదివారానికి ఉంచుకోండి. దుకాణాలు ఆదివారం మూసే ఉంటాయి కనుక తీగలు, స్క్రూలు శనివారమే కొని పెట్టుకోవాలి.

మిక్సీ మాట వచ్చింది గనుక మరో సంగతి. మన దేశంలోనూ ఇక్కడా విద్యుత్తు 230 వోల్టులు, 50 హెర్ట్‌జులే. అందువల్ల గుంటూరులో కొన్న మిక్సీకి ట్రాన్స్‌ఫార్మరు అవసరం లేదు. కానీ విమానాశ్రయంలో అమ్మే చవక అడాప్టర్లలో చాలావాటికి ఎర్తింగ్ ఉండదు. ఫోను ఛార్జరుకు ఫరవాలేదు, లోహపు ఒళ్లున్న వెట్ గ్రైండరుకు అది ప్రమాదం. తెలిసిన ఎలక్ట్రీషియన్ చేత ఇక్కడి ఎర్తింగ్ ప్లగ్ వేయించుకుంటే ఆ బెంగ ఉండదు.

బల్ల, కిటికీ, చెత్త

బెర్లిన్ ఇళ్లల్లో వంటగది మినహా గదుల్లోనూ హాల్లోనూ పొగ హెచ్చరిక యంత్రాలు తప్పనిసరి. ఎండుమిరపకాయల పోపు వాటిని ఎంత సులువుగా మోగిస్తుందో కొత్తగా వచ్చినవారు మొదటి వారంలోనే తెలుసుకుంటారు. టంకం పొగ కూడా గాలి ఆడని గదిలో అదే పని చేస్తుంది. యంత్రం బ్యాటరీ పీకేయడం పరిష్కారం కాదు. కిటికీ బార్లా తెరిచి, పక్కన చిన్న ఫ్యాను పెట్టి, పొగను బయటకు పంపండి. అంతసేపూ గది హీటరును కట్టేయండి, లేకపోతే ఏడాది చివర వచ్చే లెక్కలో ఆ వేడి డబ్బు కనిపిస్తుంది. తినే బల్ల మీద టంకం పెట్టవద్దు. సీసం లేని టంకమైనా సరే, దాని ఫ్లక్స్ పొగ ఊపిరితిత్తులకు మంచిది కాదు.

చెత్తను కాగితం, ప్లాస్టిక్-లోహం, తడిచెత్త, మిగిలినది అని వేరు చేయాలని అందరూ చెబుతారు. పరికరాలు చేసేవారు తెలుసుకోవలసినది మరొకటి ఉంది: బోర్డులు, తీగలు, బ్యాటరీలు ఇందులో ఏ డబ్బాలోనూ వేయకూడదు. బ్యాటరీలకు సూపర్‌మార్కెట్లలో వేరే పెట్టెలుంటాయి. 25 సెంటీమీటర్లకు మించని పాత పరికరాలను పెద్ద ఎలక్ట్రానిక్స్ దుకాణాలు, మీరేమీ కొనకపోయినా, ఉచితంగా తీసుకోవాలి. ఉబ్బిన లిథియం బ్యాటరీని మాత్రం మామూలు పెట్టెలో పడేయకుండా నగర రీసైక్లింగ్ కేంద్రంలో సిబ్బంది చేతికే ఇవ్వండి.

మొదటి పని: బాల్కనీలో గాలిని కొలవడం

మొదటి పని చిన్నదై ఉండాలి, నగరంతో సంబంధం ఉండాలి, నలుగురికి చూపించగలిగినదై ఉండాలి. ఇంట్లో దీపాలను ఫోనుతో ఆర్పే ఏర్పాటు మీకు సరదాగానే ఉంటుంది గానీ దాని గురించి మరొకరితో మాట్లాడటానికి ఏమీ ఉండదు. నన్నడిగితే గాలిలోని సన్నని ధూళిని కొలిచే పెట్టెతో మొదలుపెట్టమంటాను.

నేపథ్యం ఇదీ. స్టుట్‌గార్ట్ నగరం లోయలో ఉంది. నెకార్‌టోర్ అనే కూడలి దగ్గర వాహనాల ధూళి జర్మనీ అంతటా అపకీర్తి పొందింది. అధికారిక కొలత కేంద్రాలు కొద్దిగానే ఉండటంతో 2015లో అక్కడి ఔత్సాహికులు తక్కువ ఖర్చుతో ఎవరికి వారే చేసుకోగల కొలత పరికరాన్ని రూపొందించారు. ఆ పథకమే ఇప్పుడు సెన్సర్ డాట్ కమ్యూనిటీ పేరుతో అనేక దేశాలకు పాకి, కొలతలన్నింటినీ ఒకే పటం మీద అందరికీ చూపిస్తోంది.

కావలసినవి కొద్ది వస్తువులే: వైఫై ఉన్న నోడ్‌ఎంసీయూ బోర్డు, ధూళిని లేజరుతో లెక్కించే ఎస్‌డీఎస్011 సెన్సర్, ఉష్ణోగ్రత, తేమ చూసే బీఎంఈ280 అనే గోరంత ముక్క, పొడవాటి యూఎస్‌బీ తీగ, 6 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న సన్నని ప్లాస్టిక్ గొట్టం, కొన్ని కేబుల్ టైలు. పెట్టె కోసం ప్రత్యేకంగా ఏదీ కొననక్కరలేదు. బౌమార్క్ట్ అనే ఇంటి సామగ్రి దుకాణానికి వెళ్లి 75 మిల్లీమీటర్ల మురుగు గొట్టం వంపు ముక్కలు రెండు తీసుకుంటే అవే పెట్టె అవుతాయి. రెండు మూతులూ కిందికి ఉండేలా వాటిని ఒకదానిలో ఒకటి దూరిస్తే వాన నీరు లోపలికి రాదు. మూతులకు సన్నని వల కట్టండి, లేకపోతే వేసవిలో సాలీళ్లు కాపురం పెట్టి కొలతలను ఆకాశానికి ఎత్తుతాయి.

ధూళి సెన్సరుకు నాలుగు తీగలు. 5 వోల్టుల తీగ బోర్డు మీద యూఎస్‌బీ విద్యుత్తును నేరుగా ఇచ్చే వీయూ పిన్‌కు, గ్రౌండు గ్రౌండుకు, కొలతను పంపే టీఎక్స్ డీ1కు, ఆదేశాలు అందుకునే ఆర్ఎక్స్ డీ2కు వెళతాయి. 3.3 వోల్టుల పిన్‌కు కలిపితే లోపలి ఫ్యాను తిరగడానికి బలం చాలదు, అప్పుడు సెన్సరు పాడైందనుకుని మరొకటి కొనవద్దు. తేమ సెన్సరుకు మాత్రం 3.3 వోల్టులే ఇవ్వాలి. బోర్డునూ ధూళి సెన్సరునూ వీపులు కలిపి కేబుల్ టైతో బిగించి, సన్నని గొట్టాన్ని సెన్సరు ముక్కుకు తొడిగి, రెండో కొసను వంపు ముక్క మూతి దగ్గర బయటి గాలికి అందేలా ఉంచి, మొత్తాన్ని లోపలికి దోపండి. సాఫ్ట్‌వేరును వారే సిద్ధంగా ఉంచారు. కంప్యూటరుకు తగిలించి ఎక్కించడమే తప్ప ఒక్క వరుస కోడు కూడా రాయనక్కరలేదు.

మొదటిసారి కరెంటు ఇచ్చాక పెట్టె తనంతట తానే ఎయిర్‌రోర్ అని మొదలయ్యే పేరుతో ఒక వైఫైని వెలువరిస్తుంది. ఫోనుతో దానికి కలిసి 192.168.4.1 అనే చిరునామా తెరిస్తే మీ ఇంటి వైఫై పేరు, పాస్‌వర్డు అడుగుతుంది. ఇక్కడ చాలామంది తడబడే చోటు ఒకటుంది: ఈ బోర్డు 2.4 గిగాహెర్ట్‌జుల వైఫైని మాత్రమే గుర్తిస్తుంది. రౌటరులో 5 గిగాహెర్ట్‌జులదే తెరిచి ఉంటే ఎన్నిసార్లు ప్రయత్నించినా కలవదు. కలిసిన తరువాత అదే పేజీలో కనిపించే చిప్ సంఖ్యను వారి వెబ్‌సైటులో నమోదు చేస్తే, సుమారు రెండున్నర నిమిషాలకొకసారి మీ బాల్కనీ కొలత పటం మీదకు చేరుతుంది. లేజరు ఆయుష్షు సుమారు 8,000 గంటలని తయారీదారు చెబుతారు. సాఫ్ట్‌వేరు దాన్ని నిరంతరం వెలిగించకుండా కొలిచే కొద్ది సెకన్లు మాత్రమే నడుపుతుంది కనుక ఒక్క సెన్సరు కొన్నేళ్లు మన్నుతుంది.

వచ్చిన అంకెను నమ్మేముందు తేమను చూడండి. నవంబరు పొగమంచులో నీటి బిందువులను కూడా ఈ సెన్సరు ధూళి కింద లెక్కగడుతుంది. తేమ 70 శాతం దాటిన రోజుల్లో దాని మాటను సగం నమ్మితే చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకాల ప్రకారం 2.5 మైక్రాన్లకు మించని సన్నని ధూళి రోజు సగటు ఘనమీటరుకు 15 మైక్రోగ్రాములు మించకూడదు. భారతదేశ ప్రమాణం 60. ఈ రెండు అంకెల మధ్య ఎంత దూరముందో చూడాలంటే రెండో పెట్టె ఒకటి కట్టి, సెలవులకు వెళ్లినప్పుడు హైదరాబాదులోనో విజయవాడలోనో అమ్మావాళ్ల బాల్కనీలో తగిలించి రండి. కరెంటు పోయి వచ్చినా అది తనంతట తానే మళ్లీ పని మొదలుపెడుతుంది, పెద్దవాళ్లు దాన్ని ముట్టుకోనక్కరలేదు. దీపావళి రాత్రి అక్కడి గీత, డిసెంబరు 31 అర్ధరాత్రి బాణసంచా వేళ బెర్లిన్ గీత ఒకేలా నిటారుగా లేవడం చూస్తే, కాలుష్యం గురించి ఎవరు ఎవరికీ ఉపన్యాసం ఇవ్వలేరని అర్థమవుతుంది.

తరువాతి పనులకు దారి అదే దొరుకుతుంది. తదుపరి ట్రాము ఎప్పుడో చూపించే, అచ్చు కాగితంలా కనబడే ఈ-ఇంక్ తెర చాలామంది చేసుకుంటారు, బెర్లిన్ రవాణా సమాచారం అందరికీ తెరిచే ఉంది. ఆ తెర మూలలో భారత కాలం కూడా పెట్టుకునేవారు స్థిరమైన తేడా రాయకుండా కాల మండలం పేరే వాడాలి. మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబరు చివరి ఆదివారం వరకు తేడా మూడున్నర గంటలే. బాల్కనీకి వేలాడదీసే సౌర పలకల విషయంలో 2024 మేలో నిబంధనలు సడలాయి: ఇన్వర్టరు సామర్థ్యం 800 వాట్ల వరకు ఉండవచ్చు, కేంద్ర రిజిస్టరులో ఇంటర్నెట్ ద్వారా నమోదు చేస్తే చాలు. అద్దెకున్నవారు యజమాని అనుమతి అడగాలి గానీ, 2024 అక్టోబరు నుంచి యజమాని సరైన కారణం లేకుండా కాదనడానికి వీల్లేదు.

పనితో పాటు మనుషుల దగ్గరకు

యానోవిట్స్‌బ్రుకె స్టేషనుకు దగ్గరలో, ష్ప్రే నది ఒడ్డున, సీ-బేస్ అనే చోటు ఉంది. 1995లో మొదలైన ఈ సంఘం వారు చెప్పుకునే పురాణం ప్రకారం, కోట్లాది ఏళ్ల కిందట భూమి మీద కూలిన ఒక అంతరిక్ష కేంద్రం బెర్లిన్ నడిబొడ్డు కింద పాతుకుపోయి ఉంది. వీరు దాన్ని తవ్వి తిరిగి నిర్మిస్తున్నారు. 368 మీటర్ల టీవీ టవరు దాని యాంటెన్నా అట. ఎవరూ నవ్వకుండా చెబుతారు, మీరూ నవ్వకుండా వినాలి. లోపల నౌక గదిలాంటి అలంకరణ, తీగల చిక్కులు, మెరిసే తెరలు, మధ్యలో బల్లలు. ఉచిత వైఫై జాలాన్ని ప్రజలే నిర్మించుకునే ఫ్రైఫుంక్ ఉద్యమానికి ఇది పాత ఆశ్రయం. పరికరాల అభిరుచీ సైన్స్ ఫిక్షనూ ఒకే కప్పు కింద ఇంతగా కలిసిపోయిన చోటు నాకు మరొకటి తెలియదు.

ఇలాంటి చోటికి మొదటిసారి వెళ్లినప్పుడు బయటివారిని అనుమతించే సాయంత్రం ఏదో చూసుకుని, మీ ధూళి పెట్టెను సంచిలో వేసుకుని వెళ్లండి. పని చేసే పెట్టెకంటే పని చేయని పెట్టె మంచిది. దాన్ని బల్ల మీద పెట్టి, వైఫై కలవడం లేదని పక్కవారితో అనండి. అయిదు నిమిషాల్లో ముగ్గురు చుట్టూ చేరి, మీ సంగతి మరిచిపోయి వాళ్లలో వాళ్లు వాదించుకుంటారు. పెళ్లయిందా, జీతమెంత, అద్దె ఎంత అనే మన సహజమైన ప్రశ్నలను కనీసం మూడో నెల వరకు వాయిదా వేయండి. ఇతరుల పరికరాన్ని అడగకుండా తాకవద్దు. అనుమతి లేకుండా ఫొటో తీయడం ఇక్కడ నిజంగా పెద్ద తప్పు. మనుషులు వెనుక కనబడే సెల్ఫీ కూడా అంతే. ఫ్రిజ్‌లోంచి పానీయం తీసుకుంటే పక్కన ఉన్న డబ్బాలో డబ్బు వేయాలి, ఎవరూ కాపలా ఉండరు, అందరూ వేస్తారు.

నచ్చితే సభ్యత్వం తీసుకోండి. ఇవన్నీ నమోదైన సంఘాలు. నెలనెలా చందా ఉంటుంది, మానేయాలంటే గడువులోగా రాతపూర్వకంగా తెలపాలి. ఊరు మారిపోయి చెప్పకుండా వదిలేస్తే చందా మాత్రం ఖాతాలోంచి పోతూనే ఉంటుంది. సభ్యుల సమావేశాల్లో గిన్నెలు ఎవరు తోమాలనే అంశం మీద గంట చర్చ జరిగినా ఆశ్చర్యపోవద్దు.

పరికరాలు కొత్తగా చేయడం కంటే బాగుచేయడం ఇష్టపడేవారికి రిపేర్ కేఫ్‌లు మరింత అనువు. 2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదలైన ఈ పద్ధతి బెర్లిన్ పేటల్లో బాగా వేళ్లూనింది. ఇరుగుపొరుగువారు పాడైన రేడియోలు, టోస్టర్లు తెస్తారు. తెలిసినవారు పక్కన కూర్చుని విప్పుతారు. మీ జర్మన్ భాష తరగతి గదిలో ఏళ్ల తరబడి కదలకపోయినా, ఒక పెద్దావిడ తన యాభై ఏళ్ల కాఫీ యంత్రం కథ చెబుతుంటే కదులుతుంది. మల్టీమీటరు పట్టుకోవడం వచ్చిన మనిషికి వ్యాకరణం రాకపోయినా వారు మన్నిస్తారు.

వీటన్నిటికీ పెద్దన్న డిసెంబరు 27 నుంచి 30 వరకు జరిగే కేయాస్ కంప్యూటర్ క్లబ్ మహాసభ. యంత్రాలను, ప్రోగ్రాములను విప్పి చూసే హ్యాకర్ల సంఘమిది. ఈ క్లబ్బు 1981లో బెర్లిన్‌లోనే పుట్టింది, మహాసభ ఇప్పుడు హాంబుర్గ్‌లో జరుగుతోంది. టికెట్లు దొరకడం కష్టం. అయితే బహిరంగ అమ్మకానికి ముందు స్థానిక బృందాలకు టికెట్టు కొనే కోడ్లు వస్తాయి, ఒకరు కొన్న తరువాత ఆ అవకాశం మరొకరికి చేరుతుంది. అందుకే హ్యాకర్ల చోట్లలో ముఖపరిచయం ఉన్నవారికి దారి సులువు. లోపలికి వెళ్లాక ఎవరూ తెలియదని గోడకు ఆనుకుని నిలబడకండి. అక్కడి స్వచ్ఛంద సేవకులను దేవదూతలని పిలుస్తారు, వారి కేంద్రం పేరు స్వర్గం. అక్కడ పేరు నమోదు చేసుకుని తలుపు దగ్గరో వంటశాలలోనో రెండు షిఫ్టులు చేస్తే, ఉపన్యాసాల హాళ్లలో కంటే ఎక్కువ మందితో ఉల్లిపాయలు తరుగుతూ మాట్లాడతారు.

కథల లోకం

సైన్స్ ఫిక్షన్ అభిమానం ఇక్కడ మొదటినుంచీ పనిముట్లతో పెనవేసుకునే ఉంది. 1929లో బెర్లిన్‌లో విడుదలైన ఒక చంద్రయాత్ర సినిమాకు రాకెట్ శాస్త్రవేత్త హెర్మాన్ ఓబెర్త్ సలహాదారుగా పనిచేశాడు. ప్రచారం కోసం నిజమైన రాకెట్టును ఎగరేయాలనుకున్నారు గానీ అది పూర్తికాలేదు. మరుసటి ఏడాది, 1930 సెప్టెంబరులో, అదే మోజు ఉన్న ఔత్సాహికుల సంఘం నగరం ఉత్తరాన టెగెల్ దగ్గర రాకెట్ల మైదానం తెరిచింది. తరువాత రాకెట్ ఇంజనీరుగా పేరుమోసిన వెర్నర్ ఫాన్ బ్రౌన్ యువకుడిగా అక్కడే చేయి తిప్పాడు. కొద్ది ఏళ్లలోనే ఆ సరదా సైన్యం చేతికి వెళ్లి యుద్ధ రాకెట్లుగా మారింది. ఆ ప్రాంతంలోనే తరువాత వెలసిన టెగెల్ విమానాశ్రయం 2020 నవంబరులో మూతపడింది. ట్రెప్టోవ్ పార్కులోని ఆర్ఖెన్‌హోల్డ్ వేధశాలకు కూడా ఒక ఆదివారం వెళ్లండి. 21 మీటర్ల నాభ్యంతరం గల 1896 నాటి దూరదర్శిని ఇప్పటికీ అక్కడుంది, 1915లో ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం గురించి ప్రసంగించింది ఆ భవనంలోనే.

చదివేవారు క్రాయిత్స్‌బెర్గ్‌లోని అదర్‌ల్యాండ్ పుస్తకాల దుకాణంతో మొదలుపెట్టాలి. సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ, హారర్ తప్ప మరేమీ అమ్మని దుకాణమది. పుస్తక చర్చా బృందాలు నడుస్తుంటాయి, ఆంగ్లంలో జరిగేవీ ఉన్నాయి కనుక భాష రాలేదన్న సాకు చెల్లదు. చర్చకు వెళ్లేముందు పుస్తకం పూర్తిచేయండి. జర్మన్లు సగం చదివినవారి అభిప్రాయాన్ని మర్యాదగా వింటారు, మళ్లీ అడగరు.

జర్మన్ భాషలోకి దిగాలనుకునేవారికి నా సలహా పెరీ రోడాన్ వారపత్రిక కథలు. 1961 సెప్టెంబరు నుంచి వారానికొకటి చొప్పున ఆగకుండా వస్తున్న ఈ అంతరిక్ష ధారావాహిక 2019లోనే 3,000 సంచికలు దాటింది. పెద్ద రైల్వే స్టేషన్లలోని పత్రికల దుకాణాల్లో దొరుకుతుంది. మొదటి సంచిక నుంచి చదవాలనే పట్టుదల వద్దు. కథ చక్రాలుగా సాగుతుంది, కొత్త చక్రం మొదలయ్యే సంచిక పట్టుకుంటే చాలు. శైలి గొప్పదని అనను. కానీ చిన్న వాక్యాలు, మళ్లీ మళ్లీ వచ్చే అవే పదాలు, ప్రతి వారం ఎక్కడో ఒక ఉత్కంఠ. మన డిటెక్టివ్ నవలలు చదువుకుని పెరిగినవారికి ఈ రుచి పాతదే.

సంఘాలలో పాతది 1955లో ఏర్పడిన జర్మనీ సైన్స్ ఫిక్షన్ క్లబ్. బెర్లిన్‌లో ఆండీమోన్ అనే మరో క్లబ్బు ఉంది, బెర్లిన్ గోడ కూలకముందే తూర్పు బెర్లిన్‌లో పుట్టినది. పెద్ద వయసు సభ్యులు పాశ్చాత్య పుస్తకాలు చేతులు మారిన రోజుల కథలు చెబుతారు; అలాంటి సాయంత్రాల కోసమైనా జర్మన్ నేర్చుకోవచ్చు. అక్కడ మిమ్మల్ని తప్పక అడిగే ప్రశ్న, మీ భాషలో ఇలాంటివి ఏమున్నాయని. సిద్ధంగా వెళ్లండి. 1991లో వచ్చిన మన కాలయంత్రం సినిమాలో కథ శ్రీకృష్ణదేవరాయల సభకు వెళ్లి, అక్కడినుంచి భవిష్యత్తులోకి దూకుతుందని చెప్పండి. బల్ల చుట్టూ ఉన్నవారు నోటు పుస్తకాలు తీస్తారు.

సమ్మేళనాలు రెండు రకాలు. బాన్‌లో జరిగే ఫెడ్‌కాన్ వంటివి నటులను చూసి, సంతకం తీసుకుని, ఫొటో దిగడానికి. టికెట్టు ఖరీదు ఎక్కువ, పరిచయాలు తక్కువ. అభిమానులే నడిపేవి మరో రకం. 2023లో బెర్లిన్ వెడింగ్ పేటలో, ఒకప్పుడు దహనశాలగా ఉన్న సైలెంట్ గ్రీన్ ప్రాంగణంలో మెట్రోపోల్‌కాన్ జరిగింది; 2026 యూరోకాన్‌కు, అంటే యూరప్ సైన్స్ ఫిక్షన్ సమ్మేళనానికి కూడా బెర్లిన్‌నే ఎంచుకున్నారు. వీటిలో కుర్చీలు సర్దడానికి, మైకులు అందించడానికి, ప్రొజెక్టరు కదిలించడానికి మనుషులు ఎప్పుడూ చాలరు. మీకు వచ్చిన పనిని ముందుగా రాసి పంపితే మొదటి రోజు ఉదయమే పేరుపెట్టి పిలిచే నలుగురు దొరుకుతారు.

పని హద్దులు, ప్రయాణాలు

మీ పెట్టె చూసి ఎవరైనా కొంటామని అడిగితే తొందరపడి ఒప్పుకోవద్దు. ఉద్యోగం కోసం ఇచ్చిన నివాస అనుమతి, బ్లూ కార్డుతో సహా, సొంత వ్యాపారానికి దానంతట అదే వర్తించదు. విదేశీయుల కార్యాలయం అనుమతి విడిగా కావాలి, ఆ తరువాత వ్యాపార నమోదు. విడిభాగాల ధర పంచుకుని కలిసి కట్టుకోవడం వేరు, లాభానికి అమ్మడం వేరు. ఉద్యోగ ఒప్పందాన్ని కూడా మరోసారి చదవండి. ఉద్యోగుల ఆవిష్కరణల మీద ఇక్కడ 1957 నుంచి ప్రత్యేక చట్టం ఉంది. పేటెంటుకు తగినదేదైనా మీరు సొంత సమయంలో కనిపెట్టినా యజమానికి తెలపవలసి రావచ్చు. సరదా పనికి ఆఫీసు ల్యాప్‌టాప్‌ను ముట్టుకోకపోవడం, సొంత ఖాతాలోనే కోడు ఉంచడం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోండి.

ఇంటి నుంచి పార్సిల్ తెప్పించుకుంటే, వ్యక్తి నుంచి వ్యక్తికి వచ్చే బహుమతులకు 45 యూరోల విలువ వరకు సుంకం ఉండదు. ఆవకాయ, కందిపొడి, గోంగూర పచ్చడి వస్తాయి. నెయ్యి, పాలకోవా వంటి పాల పదార్థాలు, మాంసం పచ్చళ్లు నిషిద్ధం. పెట్టె మీద ఏముందో నిజాయతీగా రాయించండి.

చివరగా ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సమ్మేళనం, వరల్డ్‌కాన్. ఆంగ్లం మాతృభాష కాని దేశంలో అది మొదటిసారి జరిగింది జర్మనీలోనే, 1970లో హైడెల్‌బెర్గ్‌లో. ఏటా ఊరు మారుతుంది. వెళ్లలేని ఏడు కూడా సభ్యత్వం కొంటే, సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకు ఇచ్చే హ్యూగో పురస్కారాలకు ఓటు వేయవచ్చు, ఆ ఏడాది చదవదగినవి ఏవో నామినేషన్ల జాబితాయే చెబుతుంది. వెళ్లదలచుకుంటే మాత్రం పాస్‌పోర్టు సంగతి ముందు చూసుకోవాలి. హెల్సింకీలో 2017లో జరిగినప్పుడు జర్మన్ నివాస కార్డుతో రైలెక్కినట్టు వెళ్లిపోయే వీలుంది; 2019 డబ్లిన్‌కూ, 2024 గ్లాస్గోకూ భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారికి ఆ కార్డు చాలలేదు, ఆయా దేశాల వీసా విడిగా కావలసి వచ్చింది. కాబట్టి ఊరు ప్రకటించగానే సభ్యత్వం కొనండి, హోటలు రద్దు చేసుకునే వీలున్న ధరకే తీసుకోండి, వీసా దరఖాస్తును వీలైనంత ముందుగా పెట్టండి, ఆఫీసులో సెలవు అంతకంటే ముందే అడగండి. వేసవి సెలవులకు పిల్లలున్న సహోద్యోగులు జనవరిలోనే క్యాలెండరు నింపేస్తారు.